మీ నాన్న తుపాకీ గొట్టం

లీలాండ్, తుపాకీ ముట్టుకునే ముందు ఇది చదువు. దాని గొట్టం లోపల తొలిపించి వెడల్పు చేయించాను. గొట్టం కొలత ఇక ముప్పై కాదు, ముప్పై ఐదు. పాత తూటాలు కూడా అందులో చక్కగా దూరతాయి, ప్రమాదమంతా అక్కడే. పేలిస్తే తూటా తొడుగు చీలి నీ మొహానికే రావచ్చు. అందుకే నీ కోటు జేబులు, ట్రక్కు అర, పొగాకు డబ్బా వెతికి పాతవన్నీ తీసేశాను. కొత్తవి పిండి డబ్బా పక్కన ఎర్ర పెట్టెలో ఉన్నాయి. రేపు ఎల్క్ దుప్పుల వేటకు అవే తీసుకుపో.

నిన్ను అడగలేదు. అడిగితే "మా నాన్న తుపాకీ, ఎవరూ చెయ్యి పెట్టొద్దు" అంటావు. మూడేళ్లుగా ఒక్కటీ పడలేదని, కళ్లు పోయాయని, ఇదే ఆఖరి వేటని నువ్వు గుర్రంతో చెప్పుకుంటుంటే విన్నాను. నాతో చెప్పవచ్చు కదా. తప్పు కళ్లది కాదు. మిజూలాలో తుపాకులు బాగుచేసే గుస్టాఫ్ చూసి, "గొట్టం అరిగిపోయింది పెద్దమ్మా, గుండు తనకు తోచిన చోటికి పోతోంది" అన్నాడు. "అలాంటి మనిషి మా ఇంట్లోనూ ఉన్నాడు, తెస్తే బాగుచేస్తావా?" అన్నాను. "నాకు గొట్టాల పనే వచ్చు" అన్నాడు.

మన అమ్మాయి హేజెల్‌కు పురిటి నొప్పులు మొదలయ్యాయట, దాని దగ్గరికి వెళుతున్నాను. చిక్కుడుగింజల కూర పొయ్యి మీద ఉంది.

మరిచాను. తుపాకీ పేలినప్పుడు మునుపటికన్నా గట్టిగా వెనక్కి తంతుంది. కోటు కుడి భుజంలో మెత్త కుట్టాను. గురి చూద్దామని నేనే మూడుసార్లు కాల్చాను, మూడూ కంచె మీది డబ్బాకే తగిలాయి. నా భుజం చూసి ఏమీ అడక్కు. మెత్త సంగతి ఆ తర్వాతే తోచింది.