సాక్షి సంతకం నీదే

ఏలూరు,
మార్చి 12, 2007

ప్రభుదాసు అన్నయ్యకు,

ఈ ఇంటిని మా ఆయన నా పేరున ఎందుకు రాయించారు? పద్నాలుగేళ్లుగా ఈ ప్రశ్న నాలోనే ఉంది. రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసు మెట్ల మీద, "కొల్లేటి చేపల చెరువుల్ని నమ్మలేం, ఇల్లన్నా నీకుండాలి" అన్నారు. నువ్వూ పక్కనే ఉన్నావు. సాక్షి సంతకం నీదే.

ఇప్పుడు విడాకుల దగ్గరికొచ్చేసరికి ఇల్లు తనదేనట, నాది ఉత్త పేరేనట. బదులుగా కైకలూరు దగ్గర చెరువు ఇస్తారట. సరస్సును ఆక్రమించారని పోయినేడు ప్రభుత్వం గట్లు కొట్టించిన చెరువది, అన్నయ్యా. అందులో గుర్రపుడెక్క తప్ప ఏమీ లేదు. "పడవ కూడా ఇస్తారాండీ?" అని అడిగాను. ఆయన నవ్వలేదు.

నా తరఫు లాయరు గారేమో, "ప్రేమతో మీకిచ్చారని అఫిడవిట్‌లో ఒక్క వాక్యం రాయండమ్మా, చాలు" అంటున్నారు. వచ్చే సోమవారం లోగా సంతకం పెట్టాలి. ఆ రోజు మెట్ల మీద ఆ మాట ప్రేమతో అన్నారో, చెరువులు పోయినా ఇల్లు తనకు మిగలాలని నా పేరు వాడుకున్నారో, ఇరవయ్యేళ్ల కాపురం తర్వాత కూడా నాకు తెలియదు. తెలియనిదాన్ని దేవుని ఎదుట ప్రమాణం చేసి ఎలా చెప్పను? చెప్పకపోతే ఎక్కడుండను?

ఆ రోజు నీకేమనిపించిందో దాచకుండా రాయి. సంతకం పెట్టాలో వద్దో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లెలు