గోంగూర మాంసం, బార్బెరా

అక్టోబర్ 6, ఆదివారం

శనివారం డొనాటో గారూ, ఆయన కొడుకు మార్కో భోజనానికి వస్తున్నారు. మా అమ్మాయి జెస్లిన్ పెళ్ళి చేసుకుంటానంటున్నది ఈ మార్కోనే. మా ఆయన ఇంకా ఊ అనలేదు. చర్చి నుంచి వచ్చేటప్పుడు దారంతా ఈ దేశపు చలి గురించే మాట్లాడారు.

అక్టోబర్ 8

ఏం వండుతున్నారని డొనాటో గారు ఫోన్ చేశారు. గోంగూర మాంసం, పుల్లటి ఆకు అన్నాను. తెగ సంబరపడ్డారు. ఇటలీలో వాళ్ళ పీడ్‌మాంట్ రెడ్ వైన్, బార్బెరా తెస్తారట. వగరెక్కువ ఉన్న వైన్‌తో కారం ఇంకా మండుతుందట. ఇందులో వగరు తక్కువ, పులుపు ఎక్కువ. టొమాటో సాస్‌కీ, కొవ్వున్న మాంసానికీ వాళ్ళింట్లో ఇదేనట.

మా ఇంట్లోకి సీసా రాదని చెప్పాల్సింది. నోరు రాలేదు.

అక్టోబర్ 9

ఈయనకి చెప్పాను. భోజనం మధ్యలోనే లేచి వెళ్ళిపోయారు. జెస్లిన్ ఇంగ్లిష్‌లో ఏదో సర్దిచెప్పబోయింది. వినలేదు.

అక్టోబర్ 11

పెరట్లో గోంగూరంతా కోసేశాను. కారం తగ్గించను.

అక్టోబర్ 13, ఉదయం 7

నిన్నటిది రాయకుండా చర్చికి వెళ్ళలేను.

ఈయన మొహం చూడగానే డొనాటో గారు సీసాని చెప్పుల స్టాండ్ పక్కన పెట్టేశారు. నీళ్ళతోనే తిన్నారు. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా మళ్ళీ వడ్డించుకున్నారు. మా ఆయన ముక్తసరిగా, అన్నం అలవాటేనా అని అడిగారు. వాళ్ళ వైపూ వరి పండుతుందట. వాళ్ళమ్మ మోకాలి లోతు నీళ్ళలో నాట్లు వేసేదట.

ఈయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. మా అత్తగారు అమలాపురం దగ్గర నాట్లకు వెళ్ళి ఈయన్ని ఇంజినీరింగ్ చదివించింది. ఆ మాట తనతో పనిచేసిన స్టీల్ ప్లాంట్ స్నేహితులకు కూడా ఈయన ఎన్నడూ చెప్పలేదు. నిన్న చెప్పారు. ఇద్దరూ నాట్ల పాటల గురించి అరగంట మాట్లాడుకున్నారు.

తర్వాత ఈయన లేచి, సీసా తెచ్చి డొనాటో గారి ముందు పెట్టారు.

"కుమారీ, గ్లాసులేవి?"

మా ఇంట్లో ఉన్నవి స్టీలు గ్లాసులే. ఈయన తాగలేదు. నేను ఒక్క గుక్క. గోంగూరతో బాగుంది.

అక్టోబర్ 15

బార్బెరా ఇక్కడి సర్కారు వైన్ షాపు ఎల్‌సీబీఓలో దొరుకుతుందా అని ఈయన జెస్లిన్‌ని అడిగారు. తనకి కాదట.

వియ్యంకుడి గారికట.