ఆషాఢంలో ఒక శుభలేఖ

తెనాలి,
6 జూలై 2003

ప్రియమైన నాన్నకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని అనుకోకు. మా కాలేజీ హాస్టల్ మొత్తానికి ఉన్న ఒక్క ఫోనూ కరస్పాండెంటు గారి గదిలోనే ఉంది. ఆయన ఎదురుగా నిలబడి ఈ ఉద్యోగం మానేస్తానని నీకెలా చెప్పను?

అవును, మానేస్తాను. బోటనీ చెప్పడానికి వచ్చిన దాన్ని, రెండేళ్లలో పిల్లల చేత ఒక్క మందారం కోయించలేదు. మైక్రోస్కోపులు ఎవరైనా తనిఖీకి వస్తేనే అల్మరా దిగుతాయి. ప్రాక్టికల్స్ పీరియడ్లో కూడా బిట్లే బట్టీ పట్టిస్తాం. రికార్డులు మాత్రం మేమే రాసిపెడతాం. పోయిన ఫిబ్రవరిలో అరవై రికార్డుల్లో అరవై మందారాలు గీశాను. ఒక పిల్ల వచ్చి, "నా పువ్వు బాగా వేశారండీ మేడమ్," అని మెచ్చుకుని వెళ్లింది. ఆ రోజు నుంచి క్లాసులోకి వెళ్లాలంటే సిగ్గుగా ఉంటోంది.

బాపట్లలో బి.ఎడ్. సీటు వచ్చింది. ఈ నెల 25న ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి చేరాలి. చిక్కంతా అక్కడే. టెన్త్ నుంచి ఎం.ఎస్సీ. దాకా నావన్నీ ఉద్యోగంలో చేరిన రోజే తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టేశారు. ఇక్కడ అందరివీ అంతే. మధ్యలో మానేసేవాళ్లకి ఇవ్వరు. ఒక్క పెళ్లికి మాత్రం మినహాయింపు. శుభలేఖ చూపిస్తే బీరువా తెరిచి, ఆశీర్వదించి మరీ పంపిస్తారు. జువాలజీ శారద అలాగే వెళ్లింది.

నాన్నా, మన ప్రెస్సులో నా పేరు మీద ఒక్కటంటే ఒక్క శుభలేఖ వేసి పంపవూ? ముహూర్తం 25 అని వెయ్యి. పెళ్లికొడుకు పేరు నీ ఇష్టం.

నీ ఇందు

&nbsp;

రేపల్లె,
9 జూలై

చిరంజీవి ఇందుకి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం మీ అమ్మకి చదివి వినిపించాను. పెళ్లికొడుకు పేరు దగ్గర నవ్వింది. కాసేపటికి కళ్లు తుడుచుకుంది. రెండేళ్లుగా ప్రతి ఉత్తరంలోనూ 'బాగున్నాను' అనే రాశావు. ఫిబ్రవరిలో నువ్వు ఇంటికొచ్చినప్పుడు నీ వేళ్లకి పెన్సిలు మసి చూసి, బాగా కష్టపడి పాఠాలు చెబుతోందని మురిసిపోయాను.

ఉద్యోగం మానెయ్యి. దానికి నన్ను రెండోసారి అడగక్కర్లేదు. కానీ ఆ శుభలేఖ వెయ్యలేను. ముప్ఫై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల పెళ్లిళ్లకి అక్షరాలు పేరుస్తున్నాను. కార్డు కింద మన ప్రెస్సు పేరు ఉందంటే పైన ఉన్నది జరగాలి. జరగని పెళ్లికి నా కూతురి పేరు నా చేత్తో ఎలా పేర్చమంటావు? పైగా ఇది ఆషాఢం. ఈ నెలలో ముహూర్తం వేస్తే గుమ్మంలోనే పట్టుబడతావు.

ముందు ఆయన్ని తిన్నగా అడిగి చూడమ్మా.

నాన్న

&nbsp;

తెనాలి,
13 జూలై

ప్రియమైన నాన్నకి,

ఆషాఢం సంగతి నిజంగానే మర్చిపోయాను. 

నువ్వు చెప్పినట్టే అర్జీ రాసి తీసుకెళ్లాను. కరస్పాండెంటు గారు ఏ కాగితమూ తను చదవరు. కళ్లజోడు జేబులోనే ఉంటుంది, తియ్యరు. "చదవవయ్యా బాబూరావు," అంటారు. బాబూరావు గారు ఆఫీసు క్లర్కు. యాభై దాటినాయన. బీరువా తాళంచెవి నల్లదారంతో మెళ్లో వేసుకుని తిరుగుతారు. నా అర్జీని రైళ్ల టైములు చదివినట్టు చదివారు. "పెళ్లి కాదుగా, పరీక్షలయ్యాక చూద్దాం," అన్నారు పెద్దాయన. బాబూరావు గారు ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చేశారు. నా మొహం వంక చూడను కూడా లేదు. నిజం చెప్పనా, ఆ పెద్దమనిషి కంటే ఈ తాళంచెవి మనిషి మీదే నాకు కోపంగా ఉంది.

ఒక్క వత్తు తప్పు పడిందని రెండొందల కార్డులు చించేసిన వాడివి నువ్వు. నిన్ను అబద్ధం వెయ్యమని అడిగాను, ఏమీ అనుకోకు. ఇంక పన్నెండు రోజులే ఉన్నాయి. సీటు పోతే మళ్లీ ఫిబ్రవరికి అరవై మందారాలు.

ఇందు

&nbsp;

రేపల్లె,
18 జూలై

చిరంజీవి ఇందుకి,

దీంతో ఒక కార్డు పెడుతున్నాను. నాలుగు మూలలా పసుపు రాసింది మీ అమ్మ. పెళ్లికార్డులకి వాడే అక్షరాలూ, అంచులూ వాడాను కాబట్టి చూడగానే అలాగే ఉంటుంది. లోపల మాత్రం ప్రతి ముక్కా నిజం. మూడుసార్లు ప్రూఫు చూశాను. చేతికిచ్చి ఊరుకో. అడిగితే అబద్ధం చెప్పకు. గొడవైతే కబురు చెయ్యి, మొదటి రైలుకి వస్తాను.

నాన్న

&nbsp;

బాపట్ల,
25 జూలై

ప్రియమైన నాన్నకి,

చేరిపోయాను. ఇక్కడి ఆఫీసులో నా సర్టిఫికెట్లు చూసి, జిరాక్సులు ఉంచుకుని, ఒరిజినల్స్ తిరిగి నా చేతికే ఇచ్చారు. నమ్మలేక అక్కడే కాసేపు నిలబడిపోయాను.

నీ కార్డు చదివి ఒంటరిగా ఎంత నవ్వానో. 'చి. కుమారి ఇందుమతి, ఎం.ఎస్సీ., స్వభాను నామ సంవత్సర ఆషాఢ బహుళ దశమీ బుధవారం ఉదయం గం. 10-20 ని.లకు తెనాలిలో చేయుచున్న ఉద్యోగమును విడిచి, తన సర్టిఫికెట్లతో బాపట్లకు తరలి వెళ్లుటకు నిశ్చయించడమైనది. కావున తామెల్లరు ఆశీర్వదింప ప్రార్థన.' తర్వాత భయం వేసింది. ఇది చదివితే చాలు, బీరువా జన్మలో తెరవరనుకున్నాను.

బుధవారం సరిగ్గా పదీ ఇరవైకి వెళ్లి బల్ల మీద పెట్టాను. పసుపు మూలలు చూసి పెద్దాయన మొహం విప్పారింది. "చదవవయ్యా బాబూరావు," అన్నారు.

బాబూరావు గారు కార్డు తెరిచారు. మొదటి వరుస దగ్గర ఆయన గొంతు ఆగింది. అప్పుడు, ఇన్నాళ్లలో మొదటిసారి, ఆయన నా మొహం వంక చూశారు. చూసి మళ్లీ చదవడం మొదలుపెట్టారు. "చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ఇందుమతిని, శ్రావణ శుద్ధ పంచమి నాడు, చిరంజీవి భరద్వాజకిచ్చి..." నాన్నా, ఆ కార్డులో లేని పెళ్లంతా ఆయన గుక్క తిప్పుకోకుండా చదివేశారు. ఆషాఢం కాస్తా శ్రావణమైపోయింది.

"అబ్బాయి ఏం చేస్తాడమ్మా?" అని పెద్దాయన నన్నే అడిగారు. నువ్వు అబద్ధం చెప్పకన్నావు. నోరు తెరిచేలోగా బాబూరావు గారే, "ఉద్యోగస్తుడేనండి, కార్డులో వేశారు," అని కార్డు మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నారు. పెద్దాయన లేచి నా తల మీద చెయ్యి పెట్టి దీవించారు.

బీరువా దగ్గర నా కవరు బయటికి తీస్తుంటే దాని కింద మరో కవరు కనిపించింది. పసుపు పచ్చగా మారిపోయింది. 'బాబూరావు, బి.కాం., 1974' అని ఉంది. ఆ తాళంచెవి ఆయన మెళ్లోనే ఉంది నాన్నా. "అన్నీ ఉన్నాయో లేదో చూసుకోమ్మా," అన్నారు మెల్లిగా. నేను థాంక్స్ కూడా చెప్పలేకపోయాను. ఉత్తరం రాద్దామంటే కాలేజీ ఆఫీసు పేరు మీదొచ్చే ప్రతి ఉత్తరమూ ఆ గదిలోనే పైకి చదవాలి. నువ్వు అబద్ధం వెయ్యలేదు, నేను చెప్పలేదు. మనిద్దరి వంతూ ఆయన మోశారు.

రేపు మా తరగతికి మొదటి ప్రాక్టికల్. పువ్వులు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలట.

నీ ఇందు

&nbsp;

రేపల్లె,
4 ఆగస్టు

చిరంజీవి ఇందుకి నాన్న ఆశీస్సులు.

నీ థాంక్స్ నేను చెప్పేశాను. నిన్న ఆదివారం ఒకాయన కార్డు కింద మన ప్రెస్సు పేరు చూసుకుని తెనాలి రైల్లో వచ్చారు. జేబులోంచి కార్డు తీసేదాకా ఎవరో నాకు తెలియలేదు. తెలిశాక కుర్చీ వేశాను. మీ అమ్మ కాఫీ పట్టుకొచ్చి, మా పిల్లని గట్టెక్కించారని దణ్ణం పెట్టింది. భరద్వాజ ఎవరని కూడా అడిగింది. ఆయన మనవడట. మూడేళ్లు.

ఆ కాలేజీ ట్యుటోరియల్‌గా ఉన్నప్పటి నుంచీ, ఇరవై రెండేళ్లుగా అక్కడే చేస్తున్నారట. మధ్యలో రెండు మంచి ఉద్యోగాలు వస్తే వదులుకున్నారట. తాళం మీ దగ్గరే ఉందిగదండీ అన్నాను.

"తాళం ఉందండి. తీసుకుపోవడానికి కారణమే లేదు. నాకెప్పుడో పెళ్లైపోయింది," అన్నారు. తర్వాత కార్డు బల్ల మీద పెట్టి, "ప్రకాశరావు గారూ, ఇలాంటిదే నాక్కూడా ఒకటి వెయ్యండి. శ్రావణంలోనే," అన్నారు.

నిన్ననే కూర్చుని పేర్చాను. ప్రూఫు ఆయనే చూసుకున్నారు. ఒక్క తప్పు లేదు. పసుపు మీ అమ్మే పెట్టింది. అంతా అయ్యాక నాకు సందేహం వచ్చి, మరి మీ కార్డు కరస్పాండెంటు గారికి చదివి పెట్టేదెవరండీ అని అడిగాను.

బాబూరావు గారు కార్డు జాగ్రత్తగా జేబులో పెట్టుకుని లేచారు.

"ఈసారికి జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకోమంటానండి," అన్నారు.

నాన్న