సంగవ్వ మీద రెండు పేపర్లు

నాందేడ్,
14 నవంబరు 2025, శుక్రవారం

కాలేజీలో పాఠాలు చెప్పే వెంకట్రాములు సారుకు, మీ క్లాసులో చదివే తృప్తి అమ్మమ్మ సంగవ్వ రెండు చేతులు జోడించి చెప్పుకునేది. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి. ఇక్కడ మేమంతా క్షేమమని రాయించడం లేదు, ఎందుకంటే మీ వల్ల నేను క్షేమంగా లేను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా గల్లీలో ఉండే భాగ్యవతి. ఆమె పుట్టిల్లు నిజామాబాదు, తెలుగు రాస్తుంది. మరాఠీలో రాయిస్తే, మళ్లీ చదివించుకున్నప్పుడు ఒక్కో మాటా పట్టి చూసుకోలేను. మీదీ తెలుగిల్లేనని తృప్తి చెప్పింది, అందుకే ధైర్యం చేశాను. భాగ్యవతి నా మాటలను కాస్త దువ్వి రాస్తోంది. దువ్వితే దువ్వింది గానీ ఒక్కటి కూడా వదలొద్దని చెప్పాను.

సంగతి మీకు తెలిసిందే, అయినా నా నోట వినండి. కష్టం చేసి బతికిన ఒక మనిషిని అడిగి ఎనిమిది పేజీలు రాసుకురమ్మని మీరు పిల్లలకు చెప్పారు. తృప్తి బానిసత్వం పాఠం తీసుకుంది. అదే క్లాసులో ఉన్న శ్రద్ధ, పనివాళ్లకు పని మీద మనసు ఎలా పుడుతుందనే పాఠం తీసుకుంది. ఇద్దరూ వచ్చి నన్నే అడిగారు. బిలోలి దగ్గర మా ఊళ్లో శ్రద్ధ తాతగారింట్లో నేను నలభై ఏళ్లు పని చేశాను. తృప్తి పేపర్లో నేను బానిసను. శ్రద్ధ పేపర్లో నేను సంతోషంగా పని చేసిన మనిషిని. మీరు రెండూ ఒకే రోజు చదివి, రెండింటి మీదా ఎర్ర సిరాతో గీత కొట్టి, ఎవరో ఒకరు అబద్ధం రాశారన్నారట. ముసలామె ఏమంటుందో సోమవారం లోపల రాయించి తెమ్మన్నారట, లేకుంటే ఇద్దరికీ సున్నా అన్నారట. శ్రద్ధకు సున్నా వస్తే మళ్లీ రాస్తుంది. తృప్తికి వస్తే స్కాలర్‌షిప్ ఆగుతుంది, దాంతో చదువే ఆగుతుంది.

నాలుగు రోజులుగా తృప్తి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడింది ఒక్కటే మాట: "అమ్మమ్మా, నన్ను అబద్ధాలదాన్ని జేస్తివి గదనే."

ఇద్దరిలో ఎవరూ అబద్ధం రాయలేదు సార్. రెండూ నేను చెప్పినవే.

తృప్తి అడిగిన రోజు నా మోకాళ్లకు నూనె రాస్తోంది. మోకాలు నొస్తున్నప్పుడు ఏం గుర్తుకొస్తుంది? జ్వరంతో పడుకుంటే శ్రద్ధ తాత మనిషిని పంపి లేపించుకుపోయిన సంగతి వచ్చింది. మా అమ్మ చచ్చిపోయిందని కబురొస్తే, నీళ్ల గోలేలన్నీ నింపి పొమ్మన్న సంగతి వచ్చింది. నేను వెళ్లేసరికి మట్టి చేయడం అయిపోయింది.

శ్రద్ధ నన్ను ఆటోలో వాళ్లింటికి తీసుకుపోయి కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ ఇంటివాళ్ల ముందు నేను కుర్చీ ఎక్కడం అదే మొదలు. ఎదురుగా వాళ్ల నానమ్మ సుమిత్రాబాయి, పళ్లన్నీ ఊడిపోయి, నన్ను చూసి నవ్వుతోంది. ఆ కుర్చీలో కూర్చుని ఆ ఇంటిని తిట్టడానికి నాకు నోరు రాలేదు. భయపడ్డాననుకోకండి, నేను ఎవరికీ భయపడను. మామిడికాయ పచ్చడి ఇద్దరం కలిసి పెట్టిన సంగతి చెప్పాను. శ్రద్ధ నాన్న నా వేలు పట్టుకుని నడక నేర్చిన సంగతి చెప్పాను. జొన్న కోతలో నా సాటికి ఎవరూ రాలేకపోయిన సంగతి చెప్పాను. కొట్టేవాడూ అరిచేవాడూ చేనులో లేని రోజు కూడా ముందు వరస నాదే. ఇప్పటికీ తలుచుకుంటే ఛాతీ ఉబ్బుతుంది. అదేం రోగం సార్? బానిసకు గర్వం ఉంటుందా? మీ పుస్తకంలో చూసి చెప్పండి.

నాకు అంతా గందరగోళంగా ఉంది. తృప్తి పుస్తకంలో బొమ్మలు చూపించింది. నల్లటి మనుషులకు గొలుసులు వేసి, ఓడలెక్కించి అమ్ముకున్నారట. చూసి ఏడ్చాను. కానీ నన్ను ఎవరూ ఓడ ఎక్కించలేదు, నేను సముద్రమే చూడలేదు. తెల్లవాడు దేశాన్ని పట్టుకున్నాడని కూడా ఉంది. మా వైపు తెల్లవాణ్ణి మా తాత కూడా చూసి ఎరగడు, మాది నిజాం రాజ్యం. నాకు పని చెప్పినవాళ్లు నా మాటే మాట్లాడేవాళ్లు. మనిషిని అట్లా కట్టేసి పని చేయించుకోకూడదని ఢిల్లీలో చట్టం వచ్చి యాభై ఏళ్లయిందట. ఆ ఇంట్లో రేడియో ఉండేది సార్. దాని దుమ్ము రోజూ తుడిచింది నేనే. పాటలు వినిపించింది గానీ ఆ కబురు మాత్రం నా చెవిన వేయలేదు.

శ్రద్ధ పుస్తకంలో మెట్లున్నాయి. అన్నిటికన్నా కింద కూడు, దాని మీద నీడ, ఆపైన ప్రేమ, ఇంకా పైన గౌరవం. నువ్వు ఏ మెట్టు మీద ఉన్నావని అడిగింది. ఆ మెట్లు ఊడ్చేదెవరని నేనడిగాను. శ్రద్ధ అది రాసుకోలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఏటా ఆ ఇంటి ముందు పోయి కూర్చునేదాన్నని ఇద్దరి పేపర్లలోనూ ఉంది. అన్నేళ్లు ఆమెను ఆ ఇంటి ముందు ఎవరు కూర్చోబెట్టారో కనుక్కోమన్నారట. మా ఊళ్లో ఏడాది పనికి కుదరడమంటే ఇదీ పద్ధతి. ఉగాదిని మేం పాడ్వా అంటాం. ఆ పొద్దున పెద్దింటి గడప పక్కన ఎవరొచ్చి కూర్చుంటే, మళ్లీ పాడ్వా వచ్చేదాకా వాళ్లే ఆ ఇంటి పనిమనుషులు. నుదుట బొట్టు పెట్టి ఒళ్లో కొత్త బట్ట వేస్తారు. ఎవరూ పిలవరు, ఎవరూ పట్టుకురారు. నా పన్నెండో ఏటి నుంచి ప్రతి పాడ్వాకూ నేను నా కాళ్లతో నడిచిపోయి కూర్చున్నాను. నన్ను ఎవరూ కూర్చోబెట్టలేదు. రాసుకోండి.

బానిస అన్న మాట వినడానికి బాగోలేదు, మార్చమంటావా అని భాగ్యవతి అడుగుతోంది. మార్చొద్దన్నాను. నేను అదో కాదో నాకు తెలియదు. చదువుకున్నవాళ్లు మీరు తేల్చండి. తేలకపోతే పిల్లల మీద పడకండి. రెండు తీరుల మాట్లాడింది నేను. సున్నా వేస్తే నాకు వేయండి, నా పేరు రాసి పక్కన ఎంత పెద్దదైనా పెట్టండి. తృప్తి మార్కులు తృప్తికి ఇవ్వండి. ఇవ్వకపోతే సోమవారం నేనే వచ్చి మీ క్లాసులో కూర్చుంటాను, బెంచీ మీద.

మీ మేలు కోరుతూ, మీ మీద కోపంతో,
సంగవ్వ
(ఎడమ బొటనవేలి ముద్ర)

తా.క. ముద్ర వేశాక భాగ్యవతి మొత్తం చదివి వినిపించింది. ప్రతి పాడ్వాకూ అన్న చోట ఆపించాను. ఈ ఉత్తరంలో అబద్ధం అదొక్కటే.

ఒక పాడ్వాకు నేను కూర్చోవడానికి పోలేదు. ఉమ్రిలో పత్తి మిల్లులో పని దొరుకుతుందని విని, మూట కట్టి పెట్టి, ఆ వైపు పోయే బండి ఉందేమో అడగడానికి బయటికి పోయాను. తిరిగి వచ్చేసరికి నా బిడ్డ గంగామణి, తృప్తి తల్లి, ఇంట్లో లేదు. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. వెతుక్కుంటూ పోతే పెద్దింటి గడప పక్కన, నేను కూర్చునే చోట, అచ్చం నాలాగే తల వంచుకుని కూర్చుని ఉంది. నుదుట బొట్టు, ఒళ్లో కొత్త బట్ట. దాన్నీ ఎవరూ పిలవలేదు. అమ్మ రాలేదు కదా, నేను రావాలి అనుకుందట.

సుమిత్రాబాయి అన్న మాట ఇదీ: "పిల్లనే ఉండనియ్యి సంగీ. చేతులు చిన్నగున్నయ్, ముంతలు మంచిగ తోముతది."

చెడ్డగా అనలేదు, నవ్వుతూనే అన్నది. నేను బిడ్డ ఒళ్లోంచి బట్ట తీసుకుని, దాన్ని లేపి, ఆ చోట కూర్చున్నాను. ఆ తర్వాత పందొమ్మిది పాడ్వాలు, ఒక్కటీ తప్పలేదు. దాన్ని మళ్లీ ఆ వాకిలి తొక్కనివ్వలేదు.

ఇది తృప్తికి చెప్పలేదు, శ్రద్ధకూ చెప్పలేదు. నన్ను ఎవరు కూర్చోబెట్టారో నాకు నిజంగా తెలియదు సార్. నా బిడ్డను కూర్చోబెట్టింది మాత్రం నేనే. ఊహ తెలిసినప్పటి నుంచి అది చూసింది నన్ను.

ఇది మీ పుస్తకంలో ఏ పాఠం కిందికి వస్తుందో చూసుకోండి. తృప్తికి మీరే చదివి చెప్పండి. గంగామణి దాకా పోనివ్వకండి. అది మరిచిపోయిందనే అనుకుంటున్నాను.