విస్తరికి చెయ్యి అడ్డం పెట్టే షరతు

తూర్పుగోదావరి జిల్లా, మామిడికుదురు మండలం, అప్పనపల్లి కాపురస్తురాలు, కీ.శే. యాళ్ళ వీర్రాజు గారి భార్య కనకరత్నం అనే నేను, డెబ్బయి ఆరో ఏట, ఒకరి బలవంతం గాని మాయమాట గాని లేకుండా, మనసు నిలకడగా ఉండగా రాసుకున్న వీలునామా. నా తెలివి మీద ఎవరికైనా అనుమానముంటే పొద్దున్నే కాలవగట్టు మీదకి వచ్చి నాతో సమానంగా నడవండి. ఊపిరి మిగిలితే అప్పుడు మాట్లాడుకుందాం.

1. ఇల్లు, ఇంటి స్థలం, గేదెలు నా తదనంతరం నా ఒక్కగానొక్క కొడుకు నాగబాబుకి సర్వహక్కులతో చెందుతాయి. స్కూటరు ఎలాగూ వాడిదే. పెరట్లోకి కూడా దాని మీదే వెళ్తాడు.

2. నాతోపాటు గట్టు మీద నడిచే సత్తెమ్మకి నా ఉన్ని శాలువా, కొత్త కాన్వాసు బూట్ల జత. చీర కట్టుకుని బూట్లేమిటని ఊరంతా నవ్వినప్పుడు, తనూ ఒక జత కొనుక్కుని నా పక్కన నడిచిన మనిషి. ఆమె అంటే నాకు ప్రాణం.

3. కోడలు శ్రీదుర్గకి నా కాసులపేరు, చోళ్ళు, అదే రాగులు, విసిరే తిరగలి. రోజూ చోడి అంబలేనా అని మూతి ముడిచినా, కాచి ఇచ్చింది. నేనింకా పీట మీద కూర్చుని లేవగలుగుతున్నానంటే అందులో ఆ పిల్ల చలవ ఉంది.

4. కొబ్బరితోట. ఇది రాసేముందు ఒక సంగతి చెప్పాలి. మా ఆయనకి సుగరు. ఇంట్లో నేను పెట్టిందే తినేవారు. ఏ పెళ్ళికో గృహప్రవేశానికో వెళ్తే మాత్రం, ఒక్కటండీ, మా మీద అభిమానముంటే అని ఎవరన్నా అనడం పాపం, ఆయ్ అని పెట్టించేసుకునేవారు. వద్దంటే ఎదుటివాళ్ళు చిన్నబుచ్చుకుంటారని ఆయన బెంగ. ముందు కాలు తీసేరు, తర్వాత ఆయనే వెళ్ళిపోయేరు. ఎవరు చిన్నబుచ్చుకుంటారని బెంగపడ్డారో వాళ్ళంతా ఆయన పెద్దకార్యానికి వచ్చి శుభ్రంగా భోంచేసి వెళ్ళేరు. అప్పట్నుంచి నేను వద్దండీ అనడం నేర్చుకున్నాను. పూతరేకు ముట్టుకోలేదని వియ్యపురాలు సుందరమ్మ గారు చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. గర్విష్టిదాన్నట. అయితే అయ్యాను.

ఇప్పుడు నాగబాబుకీ సుగరు వచ్చింది. మొహమాటం అచ్చం వాళ్ళ నాన్నదే. కాబట్టి షరతు: నా పెద్దకార్యం నాడు పంక్తిలో బూరె వచ్చినప్పుడు, బంధువులందరూ చూస్తుండగా, వాడు విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి వద్దండీ అనాలి. వడ్డించేది అత్తగారు సుందరమ్మ గారే. ఆవిడంత గట్టిగా బతిమాలేవాళ్ళు ఈ చుట్టుపక్కల లేరు. అల్లుడు కాదంటే నొచ్చుకోనని మాటిచ్చేరు, అందుకు ఆవిడకి నా దణ్ణాలు. చెయ్యి అడ్డం పెడితే తోట వాడిది. పెట్టలేకపోతే శ్రీదుర్గది. కాయ దింపించాలన్నా పెళ్ళాన్ని అడుక్కోవాలి.

5. ఇవన్నీ దగ్గరుండి జరిపించవలసింది మా మరిది ప్రసాద్.

6. నాగబాబూ, దీని నకలు ఇప్పుడే నీ చేతికిస్తున్నాను. నాకు ఏ లోటూ లేదు, హాయిగా ఉన్నాను, ఇంకా చాన్నాళ్ళు ఉంటాను. భయమల్లా నీ గురించే. తల్లికంటే ముందు పోయినవాడు తల్లి ఆస్తి ఏం అనుభవిస్తాడురా? వద్దండీ అనడం నా పెద్దకార్యం దాకా ఆపకు, ఈ ఆదివారం పెళ్ళి భోజనం నుంచే మొదలెట్టు. నువ్వు నాకు తలకొరివి పెట్టాలి. ఆ వరస తప్పనివ్వకు నాయనా.

అప్పనపల్లి, 11-2-2004
(సంతకం) యాళ్ళ కనకరత్నం

సాక్షులు:
1. వెంకటస్వామి, ఎదురింటి రైతు
2. శ్యామ్ సుందర్, స్కూలు మాస్టారు