మానిటర్ మీద తాతయ్య నీళ్ళు

శనివారం, నరసరావుపేట

పాత హార్డ్ డిస్క్‌లో ఆ ఆట దొరికింది. వింత జంతువులను పట్టి, పెంచి, పోట్లాటకు దించే ఆట. అసలు కంపెనీది కాదు, ఎవరో అభిమానులు సొంతంగా చేసింది. సాయంత్రం లాప్‌టాప్‌లో పెట్టి ఆడాను. ఆటలో ఒక బావి ఉంటుంది, దాని దగ్గరకు రాగానే ఆగిపోయాను. ఓడిపోయి చచ్చిన మన జంతువే అందులోంచి తెల్లకళ్ళతో పైకొచ్చి మనల్నే చూస్తుంది.

హైస్కూల్ రోజుల్లో మొదటిసారి అది చూసి నేనూ చెల్లీ ఒకటే కేకలు. పందెం కోళ్ళు పెంచే తాతయ్య పరుగున వచ్చి, చెంబులో నీళ్ళు పుక్కిటపట్టి మానిటర్ మీద తుంపర్లుగా ఊదాడు.

"దెబ్బతిన్న పుంజు అట్టాగే చూస్తదమ్మా. మొహాన నీళ్ళు కొడితే తేరుకుంటది."

నేను కంగారుగా చున్నీతో తుడిచాను. ఆ తర్వాత బావి వచ్చినప్పుడల్లా మేమే ఆయన్ను పిలిచేవాళ్ళం. భయం కంటే నవ్వే ఎక్కువ.

ఇందాక చెల్లికి ఫోన్ చేసి చెప్పాను. "ఏందక్కా, ఒక్కదానివే ఆడావా? భయమెయ్యలా?" అంది.

వేసింది. తాతయ్య పోయాక ఆ బావి దగ్గరకు వెళ్ళడం ఇదే మొదటిసారి. ఆ కళ్ళు నావైపే చూస్తుంటే, అలవాటుగా చున్నీతో స్క్రీన్ తుడిచాను.

పొడిగానే ఉంది.