ఇరుక్కున్న ఇనుప పొయ్యి

అజ్రూ, బుధవారం

బన్నాసర్ అన్నయ్యా, ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. నువ్వు ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కార్డు రాయాల్సి వచ్చింది.

గోడపొయ్యి వేడంతా పొగగొట్టంలోంచి పోతోంది, అందులో గాజు తలుపున్న ఇనుప పొయ్యి బిగిస్తే సగం కట్టెలతో ఇల్లు వెచ్చబడుతుందన్నది నేను. చిన్నది చాలన్నదీ నేనే. నువ్వు కెనిత్రాలో కూర్చుని, పొయ్యిల దుకాణం అల్లాల్‌కి ఫోన్ చేసి అన్నిటికన్నా పెద్దది పంపమన్నావు. అతనొచ్చి గోడపొయ్యికి ముందువైపు మాత్రమే టేపు పెట్టి కొలిచాడు.

"లోపలికి పోయేకొద్దీ జానెడు సన్నబడుతుంది, వెనక కూడా కొలవండి," అన్నాను. రోజూ బూడిద ఎత్తేది నేను, నాకు తెలీదా?

"నువ్వూరుకో తల్లీ, మీ అన్నయ్యతో మాట్లాడేశాను," అన్నాడు. ఆ ధైర్యం నువ్విచ్చిందే!

నిన్న నలుగురు మోసుకొచ్చి లోపలికి తోశారు. సగం దూరి ఇరుక్కుంది. గంటసేపు లాగి, గోడపొయ్యి వెలిగించడానికి వీల్లేకుండా దాని ముందే గది మధ్యలో పెట్టిపోయారు. బయట మంచు, అమ్మ మూడు దుప్పట్లలో ఉంది. గోడ పగలగొడదామంటాడు అల్లాల్! నాన్న పేర్చిన రాయి అది. సుత్తి లాక్కుని దాచేశాను.

పాప తూదాకి దగ్గు తగ్గిందా? వదిన ఊరేసిన నిమ్మకాయలు పంపుతానంది, గుర్తుచెయ్యి.

పెద్దది దుకాణానికి చేరిస్తే చిన్నది ఇస్తాడట. కెనిత్రాలో శుక్రవారం పొద్దున్నే బస్సుంది. అమ్మ దీవెనలు. పొయ్యి మోయడానికి ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగోవాడివి నువ్వు.

నీ చెల్లెలు
ఇట్టో